న్యూయార్క్‌లో మీ పేట సమస్యను కమ్యూనిటీ బోర్డు కమిటీ ముందు పెట్టడం ఎలా?

క్వీన్స్‌లో, బ్రూక్లిన్‌లో ఉంటున్న మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. పక్క స్థలంలో పెద్ద బిల్డింగ్ వస్తోందట, మన మాట ఎవరు వింటారు? పిల్లలు స్కూలుకు వెళ్లే చోట కార్లు ఆగడం లేదు, ఎవరికి చెప్పాలి? వీధి మూసి బతుకమ్మ ఆడుకోవాలంటే ఎవరిని అడగాలి? ఈ మూడు పనులూ ఏదో ఒక దశలో ఒకే చోటికి చేరతాయి. అదే మీ కమ్యూనిటీ బోర్డు.

నగరంలో ఇలాంటి బోర్డులు 59 ఉన్నాయి: బ్రూక్లిన్‌లో 18, క్వీన్స్‌లో 14, బ్రాంక్స్‌లో 12, మన్‌హాటన్‌లో 12, స్టాటెన్ ఐలాండ్‌లో 3. ఒక్కో బోర్డులో 50 మంది దాకా సభ్యులుంటారు. వాళ్లకు జీతం లేదు. అందరినీ బరో (నగరంలోని ఈ ఐదు పెద్ద విభాగాల్లో ఒక్కోటి ఒక బరో) ప్రెసిడెంట్ నియమిస్తారు, అందులో సగం మందిని సిటీ కౌన్సిల్ సభ్యులు ప్రతిపాదిస్తారు. భూవినియోగం, నగర బడ్జెట్, చెత్త, రోడ్లు, పార్కుల లాంటి సేవలు, ఇవీ వాళ్లు చూసే పనులు.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఇది సలహా బోర్డు. ఏ శాఖకూ ఆర్డరు వేయలేదు. మన ఊళ్లో కార్పొరేటర్ దగ్గరికి కాగితం పట్టుకెళ్లి "మీరు ఒక్క మాట చెబితే అయిపోతుందండీ" అనే అలవాటుతో వెళితే నిరాశే. 2024లో ఇళ్ల నిర్మాణానికి జోనింగ్ (ఏ స్థలంలో ఏం, ఎంత కట్టవచ్చన్న) నిబంధనలు సడలించే "సిటీ ఆఫ్ యెస్" ప్రతిపాదనను చాలా బోర్డులు వ్యతిరేకించాయి. అయినా మార్పులతో డిసెంబరు 5న కౌన్సిల్ దాన్ని ఆమోదించింది. అలాగని బోర్డును తీసిపారేయకండి. బోర్డు తీర్మానం ఫైలులోకి ఎక్కుతుంది, తర్వాత నిర్ణయం తీసుకునేవాళ్లంతా దాన్ని చూస్తారు, బడ్జెట్ కోరికలకు శాఖలు రాతపూర్వకంగా జవాబు చెప్పాలి. ఆ తీర్మానంలో ఏ మాటలుండాలో తేలేది బోర్డులో ఒక్కో విషయానికి ఉండే కమిటీలో. అందుకే ఈ గైడు అంతా కమిటీ చుట్టూనే తిరుగుతుంది.

కావలసినవి

- మీ చిరునామాకు చెందిన కమ్యూనిటీ బోర్డు నంబరు
- మీరూ, మీ పొరుగువాళ్లూ 311కు (నగర సేవల ఫిర్యాదుల లైను) చేసిన ఫిర్యాదుల నంబర్లు
- తేదీ, సమయం తెలిసే ఫొటోలు నాలుగైదు. వంద ఫొటోలు వద్దు.
- సమస్య ఉన్న చోటు గుర్తు పెట్టిన చిన్న మ్యాప్
- ఒకే ఒక్క పేజీ ఉత్తరం
- మీతోపాటు వచ్చే మరో ఇద్దరు ముగ్గురు

లాయరు అక్కర్లేదు. సిటిజన్ అయి ఉండాల్సిన పని అసలే లేదు. హెచ్1బీ మీద ఉన్నా, గ్రీన్ కార్డు కోసం ఎదురు చూస్తున్నా పబ్లిక్ మీటింగ్‌లో మాట్లాడవచ్చు. ఈ భయంతోనే మనవాళ్లలో చాలామంది ఇంట్లో ఉండిపోతున్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

1. మీ బోర్డు ఏదో తేల్చుకోండి

నగర ప్రభుత్వ వెబ్‌సైటులో చిరునామా కొడితే కమ్యూనిటీ డిస్ట్రిక్ట్ నంబరు వస్తుంది. 311కు ఫోన్ చేసినా చెబుతారు. ఫ్లషింగ్ వాళ్లకు క్వీన్స్ బోర్డు 7, బెల్‌రోజ్, ఫ్లోరల్ పార్క్, గ్లెన్ ఓక్స్ వాళ్లకు క్వీన్స్ బోర్డు 13.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కమ్యూనిటీ డిస్ట్రిక్ట్ నంబరు వేరు, సిటీ కౌన్సిల్ డిస్ట్రిక్ట్ నంబరు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ వేరు, పోలీస్ ప్రిసింక్ట్ (పోలీస్ స్టేషన్ పరిధి) వేరు. నాలుగూ నంబర్లే కావడంతో ఒకదానికి రాయాల్సింది మరోదానికి రాసేస్తుంటారు. బరో పేరు కూడా తప్పకుండా రాయండి, ఎందుకంటే "బోర్డు 7" అనేది క్వీన్స్‌లోనూ ఉంది, బ్రూక్లిన్‌లోనూ ఉంది. ఇంకో జాగ్రత్త: ఫ్లోరల్ పార్క్‌లో కొంత భాగం క్వీన్స్ దాటి నాసావ్ కౌంటీలో ఉంది. అటువైపు ఇళ్లకు ఈ బోర్డులు వర్తించవు. జెర్సీ సిటీ, ఎడిసన్ వాళ్లకూ అంతే, అక్కడి ఏర్పాట్లు వేరు.

2. ముందు 311, ఆ తర్వాతే బోర్డు

గుంత పడిన రోడ్డు, వెలగని వీధి దీపం, ఎత్తని చెత్త లాంటివాటికి నేరుగా కమిటీకి పోవద్దు. 311లో ఫిర్యాదు చేసి నంబరు రాసుకోండి. చాలావరకు అక్కడే తీరిపోతాయి.

తీరలేదా? "ఫిర్యాదు పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చినా సమస్య అలాగే ఉందా? అప్పుడు మీ చేతిలో ఆధారం ఉన్నట్టే. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్, అదే రోజు తీసిన ఫొటో పక్కపక్కన పెట్టి బోర్డు ఆఫీసుకు పంపండి. ప్రతి బోర్డుకూ జీతం తీసుకునే డిస్ట్రిక్ట్ మేనేజర్ ఒకరుంటారు. ఆ ప్రాంతంలో పనిచేసే శాఖల ప్రతినిధులతో డిస్ట్రిక్ట్ సర్వీస్ క్యాబినెట్ అనే సమావేశం నడిపేది ఆయనే, లేదా ఆవిడే. చెత్త, రోడ్లు, పార్కులు, పోలీసు శాఖలవాళ్లు ఎదురెదురుగా కూర్చునే చోటు అది. "ఇది మా పని కాదు, వాళ్లది" అని ఒకరిమీద ఒకరు తోసుకునే సమస్యలకు ఇంతకన్నా మంచి మందు లేదు. చాలా పనులు కమిటీ దాకా పోకుండా మేనేజర్ ఫోన్‌తోనే తెమిలిపోతాయి. కాబట్టి ఆఫీసు సిబ్బందితో మర్యాదగా, ఓపికగా ఉండండి. ఉన్నదే కొద్దిమంది.

3. సరైన కమిటీని పట్టుకోండి

కమిటీల పేర్లు బోర్డును బట్టి మారతాయి. మామూలుగా ఇలా ఉంటాయి: బిల్డింగ్, జోనింగ్ విషయాలకు ల్యాండ్ యూజ్ కమిటీ. రోడ్లు, బస్సులు, సైకిల్ లేన్లకు ట్రాన్స్‌పోర్టేషన్ కమిటీ. పార్కులకు ఒకటి, పారిశుధ్యానికీ పర్యావరణానికీ ఒకటి, మద్యం లైసెన్సులకు ఒకటి, బడ్జెట్‌కు ఒకటి.

అనుమానంగా ఉంటే ఆఫీసుకు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: "ఈ విషయం ఏ కమిటీకి వస్తుంది? ఆ కమిటీ తర్వాత ఎప్పుడు కూర్చుంటుంది?" మీ విషయం ఎజెండాలో పెట్టించగలరా అని కూడా అడగండి. ఎజెండాలో లేని విషయం మీద మాట్లాడితే వింటారు, రాసుకుంటారు, కానీ చాలా బోర్డుల్లో ఆ రాత్రి ఓటు పెట్టరు.

జూలై, ఆగస్టు నెలల్లో నెలవారీ మీటింగ్ పెట్టాలన్న నిబంధన బోర్డులకు లేదు. వేసవిలో చాలాచోట్ల కమిటీలూ కూర్చోవు. జూన్ దాటితే సెప్టెంబరే అనుకుని ప్లాన్ చేసుకోండి.

4. ఒక పేజీ ఉత్తరం రాయండి

పొడుగాటి ఉత్తరం ఎవరూ చదవరు. నాలుగు భాగాలు చాలు: ఎక్కడ, ఏం జరుగుతోంది, ఇప్పటిదాకా ఏం చేశారు, ఏం కావాలి. చివరిదే అన్నిటికన్నా ముఖ్యం, మనవాళ్లు తరచూ వదిలేసేదీ అదే. "దయచేసి చర్య తీసుకోగలరు" అంటే కమిటీ ఏమని తీర్మానం రాయాలి?

ట్రాఫిక్ సంగతే తీసుకుందాం. "ఇక్కడ సిగ్నల్ పెట్టించండి" అని అడిగితే పని జరగదు. సిగ్నల్ పెట్టాలా వద్దా అన్నది రవాణా శాఖ అధ్యయనం చేసి, తన ప్రమాణాల ప్రకారం తేలుస్తుంది. కమిటీ చేయగలిగింది ఆ అధ్యయనం చేయమని రాతపూర్వకంగా కోరడం. కాబట్టి మీ ఉత్తరంలో ఇలా ఉండాలి:

"ఫలానా వీధి, ఫలానా అవెన్యూ కలిసే చోట స్కూలు వదిలే వేళ పిల్లలు దాటలేకపోతున్నారు. 311లో మూడు ఫిర్యాదులు చేశాం, నంబర్లు ఇవి. స్కూలు ఉన్న రోజున, పిల్లలు వెళ్లే సమయంలో, రవాణా శాఖ ఇక్కడ అధ్యయనం చేసి ఫలితాన్ని బోర్డుకు తెలపాలని కోరుతూ తీర్మానం చేయండి. సిగ్నల్ కుదరకపోతే స్పీడ్ హంప్ గానీ, మూల దగ్గర పార్కింగ్ తీసేయడం గానీ పరిశీలించమనండి."

"స్కూలు ఉన్న రోజున" అన్న మాట చూడండి. అది లేకపోతే సెలవుల్లో లెక్క తీసి ట్రాఫిక్ లేదనే అవకాశం ఉంది. రెండో దారి చూపించడమూ ముఖ్యమే. మొదటిది కాదన్నప్పుడు చర్చ అక్కడితో ఆగిపోదు.

సంతకాలు సేకరిస్తే పేరు పక్కన చిరునామా రాయించండి. ఎక్కడో టెక్సస్‌లో ఉన్న బంధువుల ఆన్‌లైన్ సంతకాలు ఐదు వందలు తెచ్చినా, ఆ వీధిలో ఉండే ముప్పై మంది సంతకాల ముందు నిలవవు.

5. కమిటీలో మాట్లాడండి

ముందుగా పేరు నమోదు చేసుకోండి. చాలా బోర్డుల్లో రెండు, మూడు నిమిషాలే ఇస్తారు. అందుకని మొదటి వాక్యంలో పేరు, ఉండే వీధి చెప్పండి. రెండో వాక్యంలో ఏం కావాలో చెప్పండి. కారణాలు ఆ తర్వాత. మనం సహజంగా పూర్వాపరాలన్నీ చెప్పి చివర్లో అసలు కోరికకు వస్తాం, అక్కడికి వచ్చేసరికి బెల్లు మోగుతుంది.

ముగ్గురు వెళితే ముగ్గురూ ఒకే మాట చెప్పకండి. తల్లి పిల్లల సంగతి చెప్పాలి, షాపు నడిపే ఆయన డెలివరీ లారీల సంగతి చెప్పాలి, పెద్దాయన నడక సంగతి చెప్పాలి. తెలుగులో మాత్రమే మాట్లాడగలిగే అమ్మానాన్నలకు దుభాషి కావాలంటే కనీసం వారం ముందు ఆఫీసును అడగండి. కుదరదంటే మీలో ఒకరు అనువదిస్తారని ముందే చెప్పి ఉంచండి.

"ఫుల్ బోర్డు మీటింగ్‌కు వెళ్లి మాట్లాడితే చాలదా?" అని అడుగుతారు. చాలదు. నెలకోసారి జరిగే ఆ పెద్ద మీటింగ్‌కు వచ్చేసరికి కమిటీ సిఫార్సు సిద్ధమైపోయి ఉంటుంది, చాలాసార్లు బోర్డు దాన్నే ఆమోదిస్తుంది. కమిటీ గదిలో జనం తక్కువ, టైమ్ ఎక్కువ, సభ్యులు మిమ్మల్ని తిరిగి ప్రశ్నలు అడుగుతారు, తీర్మానంలో మాట మార్చమంటే మారుస్తారు. అయితే ఫుల్ బోర్డుకు వెళ్లడం మానకండి. కమిటీ మీ వైపు ఉన్నా అక్కడ ఓటు తిరగబడవచ్చు. ఆ రోజు ఎవరో ఒకరు గదిలో ఉండి, ఒక్క నిమిషం మాట్లాడితే చాలు.

6. పక్కన బిల్డింగ్ వస్తుంటే

మొదట తేల్చుకోవాల్సింది ఒకటే: ఇప్పుడున్న జోనింగ్ ప్రకారమే కడుతున్నారా, మినహాయింపు గానీ మార్పు గానీ అడుగుతున్నారా? ఉన్న నిబంధనల ప్రకారం కట్టుకుంటుంటే అది బోర్డు ఓటుకు రాదు. ఎంతమంది వెళ్లి అరిచినా లాభం లేదు. పని వేళలు, దుమ్ము, భద్రత మీద అయితే బిల్డింగ్స్ శాఖకు 311 ద్వారా ఫిర్యాదు చేయవచ్చు.

జోనింగ్ మార్పు అడిగితే మాత్రం మీకు గట్టి అవకాశం ఉంది. సిటీ ప్లానింగ్ శాఖ దరఖాస్తును సర్టిఫై చేసిన (అన్నీ ఉన్నాయని ధ్రువీకరించిన) తర్వాత మామూలు పద్ధతిలో కమ్యూనిటీ బోర్డుకు 60 రోజుల గడువు, ఆ తర్వాత బరో ప్రెసిడెంట్‌కు 30, ప్లానింగ్ కమిషన్‌కు 60, సిటీ కౌన్సిల్‌కు 50 రోజులు ఉంటాయి. బోర్డు గడువులోగా ఏమీ చెప్పకపోతే ఫైలు దాన్ని దాటుకుని ముందుకు పోతుంది. వేసవిలో బోర్డులు కూర్చోని సమయం చూసి దరఖాస్తులు దూరిపోతున్నాయన్న ఫిర్యాదుతో 2019లో ఓటర్లు ఒక సవరణను ఆమోదించారు: జూన్‌లో సర్టిఫై అయితే బోర్డుకు 90 రోజులు, జూలై 1 నుంచి 15 మధ్య అయితే 75 రోజులు. సర్టిఫై కావడానికి 30 రోజుల ముందే ప్రాజెక్టు సారాంశం బోర్డుకు అందాలన్నదీ అప్పుడే వచ్చింది. కాబట్టి మీరు బోర్డు ఆఫీసును "మా బ్లాకు మీద ఏమైనా సారాంశం వచ్చిందా?" అని ముందుగానే అడగవచ్చు.

ఇక్కడొక హెచ్చరిక. 2025 నవంబరులో ఓటర్లు ఆమోదించిన చార్టర్ (నగర పాలనకు మూల చట్టం) సవరణలతో కొన్ని చిన్న ప్రాజెక్టులకూ, అందుబాటు ధరల ఇళ్లకూ ఇంతకన్నా పొట్టి దారులు వచ్చాయి. పాత గడువుల లెక్క పట్టుకుని కూర్చోకండి. నగర జోనింగ్ దరఖాస్తుల పోర్టల్ "జాప్"లో ప్రాజెక్టు పేరు వెతికి, అది ఏ దారిలో వెళుతోందో, ఆఖరి తేదీ ఎప్పుడో చూసి రాసుకోండి.

కమిటీలో "వద్దు" అని మాత్రమే చెప్పి రావడం నా దృష్టిలో పెద్ద నష్టం. బోర్డుకు నాలుగు రకాల ఓటు ఉంది: ఆమోదం, షరతులతో ఆమోదం, తిరస్కారం, షరతులతో తిరస్కారం. పేటకు నిజంగా ఏమైనా దక్కితే ఆ షరతుల్లోంచే దక్కుతుంది. ఎత్తు తగ్గించడం, లారీలు ఏ వీధిలోంచి రావాలి, కింది అంతస్తులో ఏముండాలి, ఎన్ని ఇళ్లు తక్కువ ఆదాయం వాళ్లకు. మీరు వ్యతిరేకించినా సరే, "ఒకవేళ కడితే ఈ మూడు షరతులు" అని కాగితం మీద రాసి ఇవ్వండి.

7. రెస్టారెంట్ పెట్టేవాళ్లకు, పండుగ చేసేవాళ్లకు

మద్యం లైసెన్సు కావాలంటే స్టేట్ లిక్కర్ అథారిటీకి దరఖాస్తు చేయడానికి 30 రోజుల ముందు కమ్యూనిటీ బోర్డుకు నోటీసు ఇవ్వాలి. కమిటీ పిలిస్తే తప్పకుండా వెళ్లండి. మూసే వేళ, పెరట్లో కూర్చోబెట్టడం, లైవ్ మ్యూజిక్ లాంటి వాటిమీద షరతులు అడుగుతారు. తొందరపడి సంతకం చేయకండి. లైసెన్సులో చేరిన షరతును తర్వాత మీరు మీరితే లైసెన్సుకే ముప్పు. 500 అడుగుల లోపు అలాంటి లైసెన్సులు ఇప్పటికే మూడు ఉంటే ఇంకో మెలిక ఉంది: కొత్తదానివల్ల ప్రజలకు ప్రయోజనం ఉందని చూపించాలి. అక్కడ బోర్డు మాటకు బరువు పెరుగుతుంది.

వీధి మూసి బతుకమ్మ, వినాయక చవితి చేయాలంటే నగర స్ట్రీట్ యాక్టివిటీ పర్మిట్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టాలి. బ్లాక్ పార్టీకైతే 60 రోజుల ముందే పెట్టండి. దరఖాస్తు అభిప్రాయం కోసం బోర్డుకు వస్తుంది. మైకుకు పోలీస్ ప్రిసింక్ట్ నుంచి విడిగా అనుమతి కావాలి. వీధికి అదనంగా ఇంకో పేరు పెట్టాలన్నా మామూలుగా బోర్డు కమిటీ దగ్గరే మొదలుపెట్టాలి, చివరికి సిటీ కౌన్సిల్ చట్టం చేస్తుంది. ఫ్లషింగ్‌లో 1977 నుంచి ఉన్న గణేశ్ గుడి ముందు బౌన్ స్ట్రీట్‌కు 2022 ఏప్రిల్‌లో "గణేశ్ టెంపుల్ స్ట్రీట్" బోర్డు పెట్టారు కదా, అలాంటి కోరిక మీకుంటే ముందు కమిటీ నియమాలు తెప్పించుకుని చదవండి.

8. డబ్బు కావలసిన పనులకు బడ్జెట్ దారి

పార్కులో టాయిలెట్ బాగుచేయడం, లైబ్రరీ పైకప్పు, అదనపు చెత్త సేకరణ లాంటివి ఫిర్యాదుతో కావు. బోర్డు ఏటా తన పేట అవసరాల నివేదిక రాసి, దానితో 40 దాకా క్యాపిటల్ కోరికలూ 25 దాకా ఖర్చుల కోరికలూ వరుస నంబర్లు వేసి పంపుతుంది. కట్టడాలు, పెద్ద మరమ్మతులు క్యాపిటల్ కిందికి, సిబ్బంది, నిర్వహణ ఖర్చుల కిందికి వస్తాయి.

నగర ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. అయినా ఈ జాబితా అంతకుముందు ఏడాది అక్టోబరు చివరికల్లా వెళ్లిపోతుంది. మార్చిలో వెళ్లి అడిగితే ఒక ఏడాది పోయినట్టే. మే, జూన్‌లోనే సంబంధిత కమిటీ చెవిన వేయండి, సెప్టెంబరులో బడ్జెట్ హియరింగ్‌కు మనుషులతో వెళ్లండి. జాబితాలో చేరడంతో సరిపెట్టుకోకుండా ఎన్నో నంబరో అడగండి. మొదటి ఐదులో ఉన్నదానికీ ముప్పై ఎనిమిదో నంబరుకీ చాలా తేడా ఉంది.

9. పని జరిగిందో లేదో ఇలా చూడండి

మీటింగ్‌కు ముందు: చర్చకు వచ్చే పత్రాలు కనీసం 24 గంటల ముందు ఆన్‌లైన్‌లో పెట్టాలని రాష్ట్ర ఓపెన్ మీటింగ్స్ చట్టం చెబుతోంది. తీర్మానం ముసాయిదా ఉంటే చదివి, మీ కోరిక అందులో మీరు చెప్పినట్టే ఉందో లేదో చూడండి.

మీటింగ్ తర్వాత: మినిట్స్ (మీటింగ్‌లో జరిగినదాని రికార్డు) రెండు వారాల్లో అందుబాటులో ఉండాలి. మీ పేరు, ఓట్ల లెక్క, తీర్మానం మాటలు సరిచూసుకోండి. "చర్చ జరిగింది" అని మాత్రమే ఉంటే తీర్మానం కానట్టే, వచ్చే నెల మళ్లీ వెళ్లాలి.

తీర్మానం అయ్యాక ఉత్తరం శాఖకు ఏ తేదీన పంపారో మేనేజర్‌ను అడిగి ఒక కాపీ తెచ్చుకోండి. తీర్మానం పాసై, ఉత్తరం వెళ్లకుండా ఆగిపోయేవి ఉంటాయి. శాఖ నుంచి జవాబు రాకపోతే సర్వీస్ క్యాబినెట్‌లో అడగమనండి. అప్పటికీ రాకపోతే మన సమాచార హక్కు చట్టం లాంటిదే ఇక్కడ ఫాయిల్ చట్టం. అధ్యయనం కాపీ అడుగుతూ మీరే దరఖాస్తు పెట్టవచ్చు. ఐదు పని దినాల్లో అందినట్టయినా తెలపాలి, పత్రాలు రావడానికి మాత్రం ఎక్కువ రోజులే పడుతుంది.

బడ్జెట్ కోరికలకు శాఖల జవాబులు జనవరిలో వచ్చే ప్రాథమిక బడ్జెట్‌తో బయటపడతాయి. "నిధులు లేవు" అంటే వచ్చే ఏడాది మళ్లీ పెట్టించాలి. "ఈ పని మా పరిధి కాదు" అంటే తప్పు శాఖకు పంపారన్నమాట, మార్పించండి. "మరింత సమాచారం కావాలి" అంటే సంతోషించండి, వెంటనే ఫొటోలు, లెక్కలు పంపండి.

10. కమిటీలోనే కూర్చోవాలనుకుంటే

రెండు దారులున్నాయి. మొదటిది తేలిక: బోర్డు సభ్యులు కానివాళ్లను కూడా కమిటీల్లో పబ్లిక్ మెంబర్లుగా తీసుకోవచ్చు. కమిటీ ఛైర్ మాత్రం బోర్డు సభ్యులే అయి ఉండాలి. రెండు మూడు నెలలు క్రమంగా మీటింగ్‌లకు వెళ్లి, తర్వాత బోర్డు ఛైర్‌కు ఈమెయిల్ రాయండి. కమిటీలో మీకు ఓటు ఉంటుందా అన్నది ఆ బోర్డు నియమావళిలో చూసుకోండి.

రెండోది పూర్తి సభ్యత్వం. ఆ డిస్ట్రిక్ట్‌లో నివాసం, ఉద్యోగం, వ్యాపారం, లేదా మరేదైనా గట్టి సంబంధం ఉంటే చాలు. ఇక్కడ కూడా పౌరసత్వం అడగరు. 16 ఏళ్లు నిండిన పిల్లలూ అర్హులే, కాలేజీకి వెళ్లే ముందు మన పిల్లలకు ఇంతకన్నా మంచి అనుభవం దొరకదు. పదవీకాలం రెండేళ్లు, వరుసగా నాలుగుసార్లకు మించి కుదరదు. మీ సొంత ఆర్థిక లాభం ఉన్న విషయంలో సంగతి బయటపెట్టి చర్చలో పాల్గొనవచ్చు, ఓటు వేయకూడదు. కొత్త పదవీకాలం ఏప్రిల్ 1న మొదలవుతుంది, దరఖాస్తులు శీతాకాలంలో బరో ప్రెసిడెంట్ ఆఫీసు తీసుకుంటుంది. డిసెంబరు నుంచే ఆ వెబ్‌సైటు చూస్తూ ఉండండి. దరఖాస్తులో మీరు వెళ్లిన కమిటీ మీటింగ్‌ల తేదీలు రాయండి. ఇంటర్వ్యూలో ఎక్కువగా వాటి గురించే అడుగుతారు.